మెలెతీ స్మొత్రిత్‌స్కీ

మెలెతీ స్మొత్రిత్‌స్కీ (సుమారు 1577 – డిసెంబరు 27, 1633) ఉక్రెయిన్‌కు చెందిన వ్యాకరణవేత్త, వాదగ్రంథాల రచయిత, మతాచార్యుడు. ఇతని అసలు పేరు మక్సిం. సన్యాసం స్వీకరించినప్పుడు మెలెతీ అనే పేరు వచ్చింది. 1619లో ఇతడు ప్రచురించిన స్లావోనిక్ వ్యాకరణం తూర్పు, దక్షిణ స్లావు ప్రజల పాఠశాలల్లో ఒక శతాబ్దానికి పైగా ప్రామాణిక గ్రంథంగా నిలిచింది. నామవాచకం, క్రియ, క్రియావిశేషణం మొదలైన భాషాభాగాలను స్లావు భాషకు తగినట్లు విభజించడంలోను, ఉక్రెయిన్ వర్ణమాలలోని "గ" అక్షరాన్ని స్థిరపరచడంలోను ఇతని కృషి ప్రధానమైనది.

జీవితంలో మాత్రం ఇతడు తన కాలపు మతవివాదాల నడుమ నలిగిపోయాడు. ఆర్థొడాక్స్ చర్చి పక్షాన వాదించి ఆర్చిబిషప్ పదవిని పొందాడు. తరువాత కాథలిక్కులతో ఐక్యమైన చర్చిలో చేరి పూర్వపు అనుచరుల ఆగ్రహానికి గురయ్యాడు. అయినా ఇతని వ్యాకరణాన్ని ఇరుపక్షాలవారూ వదులుకోలేదు.

నేపథ్యం

16వ శతాబ్దం చివరలో నేటి ఉక్రెయిన్, బెలారుస్ భూభాగాలలో అధికభాగం పోలండ్-లిథువేనియా సమాఖ్య పాలనలో ఉండేది. 1569లో జరిగిన లుబ్లిన్ ఒప్పందంతో ఉక్రెయిన్ ప్రాంతాలు చాలావరకు నేరుగా పోలండ్ రాజ్యంలో కలిశాయి. ఈ ప్రాంతాలలో ఏకకాలంలో నాలుగు భాషలు వాడుకలో ఉండేవి. ఉన్నత విద్యకు లాటిన్, ప్రభువర్గానికి పోలిష్, న్యాయస్థానాలకు, సామాన్య వ్యవహారానికి రుస్కా మోవా, ఆరాధనకు చర్చి స్లావోనిక్ ఉపయోగపడేవి. వీటిలో రుస్కా మోవా నేటి ఉక్రేనియన్, బెలారుసియన్ భాషలకు పూర్వరూపం. చర్చి స్లావోనిక్ 9వ శతాబ్దంలో బైబిలు అనువాదం కొరకు రూపొందిన ప్రాచీన గ్రంథభాష. సామాన్యులు మాట్లాడే భాషకు, ఈ గ్రంథభాషకు నడుమ దూరం శతాబ్దాలుగా పెరుగుతూ వచ్చింది.

1577లో పోలండ్‌కు చెందిన జెస్యూట్ మతబోధకుడు ప్యోత్ర్ స్కార్గా చర్చిల ఐక్యతపై ఒక గ్రంథాన్ని ప్రచురించాడు. స్లావోనిక్ భాషకు స్థిరమైన వ్యాకరణం లేదని, ఆ భాష ద్వారా ఎవరూ పండితులు కాలేరని, గ్రీకు, లాటిన్ భాషలు మాత్రమే విద్యకు తగినవని అందులో వాదించాడు. ఈ వాదానికి ఆర్థొడాక్స్ పండితుల వద్ద వెంటనే చూపగల సమాధానం లేదు. అప్పటికి స్లావోనిక్ భాషకు పాఠశాలల్లో బోధించదగిన సమగ్ర వ్యాకరణం రాలేదు. ఆ తరువాతి నాలుగు దశాబ్దాలలో వెలువడిన వ్యాకరణ గ్రంథాలన్నీ ఒక విధంగా ఈ ఆక్షేపణకు సమాధానాలే.

1596లో బ్రెస్త్ నగరంలో జరిగిన సభలో ఆర్థొడాక్స్ బిషప్పులలో పలువురు పోపు అధికారాన్ని అంగీకరించి, తమ ఆరాధనా విధానాన్ని మాత్రం యథాతథంగా నిలుపుకున్నారు. దీనిని బ్రెస్త్ ఐక్యత అంటారు. ఐక్యతను అంగీకరించినవారు, తిరస్కరించినవారు రెండు వర్గాలుగా చీలిపోయారు. మఠాలు, చర్చి ఆస్తులు, ముద్రణాలయాలు, పాఠశాలల కోసం ఈ రెండు వర్గాల మధ్య దీర్ఘకాలం ఘర్షణ సాగింది. స్మొత్రిత్‌స్కీ జీవితమంతా ఈ ఘర్షణలోనే గడిచింది.

బాల్యం, విద్యాభ్యాసం

స్మొత్రిత్‌స్కీ పొదిల్యా ప్రాంతంలో జన్మించాడు. ఇంటిపేరు ఆ ప్రాంతంలోని స్మొత్రిచ్ అనే ఊరి పేరుమీదుగా వచ్చింది. తండ్రి హెరాసిం స్మొత్రిత్‌స్కీ ఆ కాలంలో పేరుపొందిన పండితుడు. రాకుమారుడు కొస్త్యంతిన్ ఒస్త్రోజ్‌స్కీ తన పట్టణమైన ఒస్త్రోహ్‌లో స్థాపించిన పాఠశాలకు హెరాసిం మొదటి అధిపతి. 1581లో ఇవాన్ ఫెదొరొవ్ ముద్రించిన ఒస్త్రోహ్ బైబిలుకు సంపాదకులలో ఇతడు ఒకడు. చర్చి స్లావోనిక్‌లో సంపూర్ణంగా అచ్చయిన మొదటి బైబిలు ఇదే.

మక్సిం తన తొలి చదువును ఒస్త్రోహ్ పాఠశాలలోనే సాగించాడు. అక్కడ స్లావోనిక్, గ్రీకు, లాటిన్ భాషలు నేర్చుకున్నాడు. ఇతని ఉపాధ్యాయులలో గ్రీకు పండితుడు కిరిల్ లుకారిస్ ఒకడు. ఈ లుకారిస్ తరువాతి కాలంలో కాన్‌స్టాంటినోపుల్ పాట్రియార్క్ అయ్యాడు. ఒస్త్రోహ్ తరువాత మక్సిం విల్నియస్‌లోని జెస్యూట్ అకాడమీలో చేరాడు. ఆ అకాడమీకి మొదటి అధిపతి, స్లావోనిక్ భాషను ఆక్షేపించిన స్కార్గాయే కావడం గమనార్హం. లాటిన్ వ్యాకరణాన్ని క్రమబద్ధంగా బోధించే పద్ధతి జెస్యూట్ పాఠశాలల ప్రత్యేకత. ఈ పద్ధతి ఇతనికి తరువాత స్లావోనిక్ వ్యాకరణ రచనలో ఎంతగానో ఉపకరించింది.

చదువు ముగిసిన తరువాత సొలొమెరెత్‌స్కీ వంశానికి చెందిన ఒక రాకుమారునికి గురువుగా నియమితుడయ్యాడు. ఆ శిష్యునితో కలిసి జర్మనీలోని ప్రొటెస్టంట్ విశ్వవిద్యాలయాలను దర్శించి, లైప్‌జిగ్, విట్టెన్‌బర్గ్ వంటి చోట్ల ఉపన్యాసాలు విన్నాడు. ఈ విధంగా ఇతడు ఆర్థొడాక్స్, కాథలిక్, ప్రొటెస్టంట్ అనే మూడు సంప్రదాయాల విద్యను పొందాడు.

త్రెనోస్

స్వదేశానికి తిరిగివచ్చి స్మొత్రిత్‌స్కీ విల్నియస్‌లోని ఆర్థొడాక్స్ సోదర సంఘంతో కలిసి పనిచేశాడు. సోదర సంఘాలు పట్టణాలలోని వర్తకులు, చేతివృత్తులవారు, చిన్న ప్రభువులు ఏర్పరచుకున్న సంస్థలు. చర్చిలను పోషించడం, పాఠశాలలు నడపడం, పుస్తకాలు ముద్రించడం వీటి ముఖ్య కార్యక్రమాలు.

1610లో ఇతడు థియోఫిల్ ఒర్తొలొగ్ అనే మారుపేరుతో "త్రెనోస్" అనే గ్రంథాన్ని పోలిష్ భాషలో వెలువరించాడు. గ్రీకులో ఈ మాటకు విలాపం అని అర్థం. తనను విడిచి వెళ్ళిన బిడ్డలను తలచుకొని చర్చిమాత శోకించడం ఇందులోని ప్రధాన కల్పన. ఆర్థొడాక్స్ మతాన్ని విడిచి కాథలిక్ మతంలో చేరిన గొప్ప ప్రభు వంశాల పేర్లు ఇందులో వరుసగా పేర్కొనబడ్డాయి. ఈ పుస్తకం ఆర్థొడాక్స్ పాఠకులలో విశేషమైన ఆదరణ పొందింది.

ప్రభుత్వం దీనిని తీవ్రంగా పరిగణించింది. రాజు మూడవ సిగిస్మండ్ పుస్తక ప్రతులను స్వాధీనపరచుకొని తగులబెట్టవలసిందిగాను, రచయితను, ముద్రాపకులను బంధించవలసిందిగాను ఆజ్ఞాపించాడు. మారుపేరు వాడినందున స్మొత్రిత్‌స్కీ చిక్కలేదు. ముద్రణను పర్యవేక్షించిన లెయొంతీ కార్పొవిచ్ మాత్రం సుమారు రెండు సంవత్సరాలు చెరసాలలో ఉన్నాడు. అదే సంవత్సరం స్కార్గా ఈ పుస్తకాన్ని ఖండిస్తూ ఒక గ్రంథం రాశాడు. విల్నియస్‌లో అచ్చువేయడం కష్టమైనందున సోదర సంఘం తన ముద్రణాలయాన్ని సమీపంలోని వియెవిస్ అనే చిన్న ఊరికి తరలించింది. ఉక్రేనియన్‌లో ఈ ఊరిని యెవ్యె అంటారు.

కొన్నేళ్ళ తరువాత స్మొత్రిత్‌స్కీ విల్నియస్‌లోని పవిత్రాత్మ మఠంలో సన్యాసం స్వీకరించి మెలెతీ అయ్యాడు. చెరనుండి విడుదలైన కార్పొవిచ్ అప్పటికి ఆ మఠానికి అధిపతిగా ఉన్నాడు. సోదర సంఘపు పాఠశాలలో భాషలు బోధించిన అనుభవంతోనే స్మొత్రిత్‌స్కీ తన వ్యాకరణాన్ని సిద్ధం చేశాడు.

వ్యాకరణ గ్రంథం

"స్లావోనిక్ వ్యాకరణపు సరియైన సంగ్రహం" అనే అర్థం వచ్చే పేరుతో ఈ గ్రంథం 1619లో వియెవిస్‌లో అచ్చయింది. దీనికి ముందు రెండు ముఖ్య రచనలు ఉన్నాయి. 1591లో ల్వివ్ సోదర సంఘ పాఠశాలలో గ్రీకు, స్లావోనిక్ భాషల వ్యాకరణం ఒకటి వెలువడింది. 1596లో లవ్రెంతీ జిజానీ స్లావోనిక్ వ్యాకరణాన్ని ప్రచురించాడు. ఈ రెండూ గ్రీకు వ్యాకరణపు నమూనాను చాలావరకు అనుసరించాయి. స్మొత్రిత్‌స్కీ గ్రంథం వీటికంటే విస్తృతమైనది. ఉదాహరణలు, రూపాల పట్టికలు, మినహాయింపులు ఇందులో వివరంగా ఉన్నాయి.

గ్రంథం నాలుగు భాగాలుగా విభజింపబడింది.

మొదటిది వర్ణక్రమ భాగం. ఇందులో అక్షరాలు, వాటి ఉచ్చారణ, రాయవలసిన పద్ధతి చెప్పబడ్డాయి.
రెండవది పదభాగం. భాషాభాగాలు, వాటి రూపభేదాలు ఇందులోని విషయం. గ్రంథంలో పెద్ద భాగం ఇదే.
మూడవది వాక్యభాగం. పదాలు ఒకదానితో ఒకటి ఎలా అన్వయిస్తాయో ఇది తెలుపుతుంది.
నాలుగవది ఛందోభాగం. పద్యరచనా నియమాలు ఇందులో ఉన్నాయి.

నామవాచకాలకు ఇతడు ఏడు విభక్తులను చెప్పాడు. జిజానీ ఆరు విభక్తులనే చెప్పగా, ఉపపదాలతో మాత్రమే వచ్చే ఏడవ విభక్తిని స్మొత్రిత్‌స్కీ వేరుచేసి దానికి పేరు పెట్టాడు. నేటి ఉక్రేనియన్ భాషలో కూడా విభక్తులు ఏడే. సంబోధనకు ప్రత్యేక విభక్తి ఉండడం ఆ భాష నేటికీ నిలుపుకున్న లక్షణం.

ఈ వ్యాకరణంలో కృత్రిమమైన అంశాలు కూడా ఉన్నాయి. గ్రీకులో ఉన్న సూక్ష్మ భేదాలను స్లావోనిక్‌లో కూడా చూపాలనే ఉద్దేశంతో భూతకాలాన్ని నాలుగు విధాలుగా విభజించాడు. ఈ విభజన భాషలోని నిజమైన వాడుకకు అంతగా సరిపోలేదు. ఛందోభాగంలో అచ్చులను హ్రస్వ దీర్ఘాలుగా విభజించి, గ్రీకు పద్ధతిలో గురులఘువుల కొలతతో పద్యాలు రాయవచ్చునని సూచించాడు. తూర్పు స్లావు భాషలలో అటువంటి హ్రస్వ దీర్ఘ భేదం ఇతని కాలానికే లేదు. అందువలన ఈ సూచన కవులలో వ్యాప్తి చెందలేదు. 18వ శతాబ్దంలో రష్యన్ కవులు అక్షర దైర్ఘ్యాన్ని గాక, పదంలో ఊనిక పడే స్థానాన్ని ఆధారంగా చేసుకొని కొత్త ఛందస్సును స్థాపించారు.

ఇది ప్రధానంగా చర్చి స్లావోనిక్ వ్యాకరణమే గాని వాడుకభాష వ్యాకరణం కాదు. అయితే విద్యార్థులకు తేలికగా అర్థమయ్యేందుకు కొన్ని రూపాలకు రుస్కా మోవాలో సమానార్థకాలు ఇచ్చాడు. ఈ కారణంగా 17వ శతాబ్దపు ఉక్రేనియన్, బెలారుసియన్ వాడుకను తెలుసుకొనడానికి కూడా ఈ గ్రంథం ఆధారమైంది. రుస్కా మోవాకే ప్రత్యేకంగా వ్యాకరణం రాసే ప్రయత్నం 1643లో ఇవాన్ ఉజెవిచ్ పారిస్‌లో లాటిన్ భాషలో చేశాడు. అది ఆ కాలంలో అచ్చు కాలేదు.

భాషాభాగాలు, క్రియావిశేషణం

స్మొత్రిత్‌స్కీ పదాలను ఎనిమిది భాషాభాగాలుగా విభజించాడు. నామవాచకం, సర్వనామం, క్రియ, ధాతుజ విశేషణం అనే నాలుగు రూపం మారే భాగాలు. క్రియావిశేషణం, ప్రిపోజిషన్, సముచ్చయం, ఆశ్చర్యార్థకం అనే నాలుగు రూపం మారని భాగాలు, అనగా అవ్యయాలు. విశేషణాలను, సంఖ్యావాచకాలను ఇతడు నామవాచకంలోనే చేర్చాడు. నేటి ఉక్రేనియన్ వ్యాకరణం వీటిని వేరుచేసి, మరొక తరగతిని కూడా చేర్చి, పది భాషాభాగాలను లెక్కిస్తుంది.

ఎనిమిది అనే సంఖ్య ప్రాచీన గ్రీకు వ్యాకరణం నుండి వచ్చింది. గ్రీకు జాబితాలో ఆర్టికల్ ఒక భాగం. ఆశ్చర్యార్థకాలకు అందులో ప్రత్యేక స్థానం లేదు. గ్రీకు వైయాకరణులు వాటిని క్రియావిశేషణాలలోనే లెక్కించారు. లాటిన్‌లో ఆర్టికల్ లేనందున లాటిన్ వైయాకరణులు దానిని తొలగించి, ఆశ్చర్యార్థకాలను క్రియావిశేషణం నుండి విడదీసి ఎనిమిదవ భాగం చేశారు. స్లావోనిక్‌లో కూడా ఆర్టికల్ లేదు. అయినా జిజానీ గ్రీకును అనుసరించి దానికి ఒక స్థానాన్ని ఉంచాడు. స్మొత్రిత్‌స్కీ ఆ స్థానాన్ని తొలగించి లాటిన్ పద్ధతిని స్వీకరించాడు. ఈ మార్పుతో క్రియావిశేషణం అనే తరగతి స్పష్టమైంది. భావోద్రేకాన్ని తెలిపే ధ్వనులు వేరై, క్రియ జరిగిన తీరు, స్థలం, కాలం, పరిమాణం తెలిపే మాటలు ఒకచోట చేరాయి.

స్లావోనిక్‌లో క్రియావిశేషణానికి పేరు "నరేచియె". క్రియపై ఆధారపడినది అనే అర్థం గల గ్రీకు పదానికి ఇది అనుసరణ. రష్యన్ భాషలో ఈ మాట నేటికీ నిలిచి ఉంది. ఆధునిక ఉక్రేనియన్ వ్యాకరణం దీనికి బదులు "ప్రిస్లివ్నిక్" అనే మాటను స్వీకరించింది. మాట పక్కన ఉండేది అని దీనికి అర్థం.

ఉక్రేనియన్‌లో క్రియావిశేషణాలు ఏర్పడే ప్రధాన పద్ధతులు ఇవి:

విశేషణానికి "ఒ" లేక "ఎ" అనే అంత్యప్రత్యయం చేర్చడం. "దోబ్రియ్" (మంచి) నుండి "దోబ్రె" (బాగా), "ష్విద్‌కియ్" (వేగమైన) నుండి "ష్విద్‌కొ" (వేగంగా) ఏర్పడతాయి. తెలుగులో "గా" చేర్చడం వంటిదే ఈ పద్ధతి.
నామవాచకపు ఒక విభక్తి రూపం గడ్డకట్టి అవ్యయంగా మారడం. "వ్రాన్‌త్సి" (ఉదయాన), "వ్లీత్‌కు" (వేసవిలో) అనేవి ఇటువంటివి. "స్యొహోద్ని" (నేడు) అనే మాట "ఈ దినపు" అనే అర్థంగల రెండు పదాల కలయిక.
"పొ" అనే ఉపపదాన్ని చేర్చడం. "పొ-ఉక్రాయిన్‌స్కి" అనగా ఉక్రేనియన్ పద్ధతిలో, లేదా ఆ భాషలో అని అర్థం.
సర్వనామ మూలాల నుండి ఏర్పడినవి. "తుత్" (ఇక్కడ), "తామ్" (అక్కడ), "దె" (ఎక్కడ), "కుదీ" (ఎక్కడికి), "జ్విద్‌కి" (ఎక్కడినుండి) ఈ వర్గానికి చెందుతాయి.

క్రియావిశేషణానికి లింగ, వచన, విభక్తి భేదాలు లేవు. అయితే రీతిని తెలిపే వాటిలో చాలావాటికి తారతమ్య రూపాలు ఉన్నాయి. "ష్విద్‌కొ" (వేగంగా), "ష్విద్‌షె" (మరింత వేగంగా), "నైష్విద్‌షె" (అన్నింటికంటె వేగంగా) అనేవి ఉదాహరణలు. "దోబ్రె" అనే మాటకు మాత్రం తారతమ్యంలో మూలమే మారిపోయి "క్రాష్చె", "నైక్రాష్చె" అవుతుంది.

స్మొత్రిత్‌స్కీ చేసిన మరొక ముఖ్యమైన పని క్రియనుండి పుట్టి, క్రియావిశేషణంవలె రూపం మారకుండా నిలిచే అసమాపక రూపాలను ధాతుజ విశేషణాలనుండి విడిగా గుర్తించి పేరు పెట్టడం. దీనికి ఇతడు పెట్టిన "దేయెప్రిచాస్తియె" అనే పేరు రష్యన్‌లో నేటికీ వాడుకలో ఉంది. ఉక్రేనియన్‌లో దీనిని "దియెప్రిస్లివ్నిక్" అంటారు. "చితాయుచి" అనగా చదువుతూ, "ప్రొచితావ్‌షి" అనగా చదివి అని అర్థం. మొదటిది ప్రధాన క్రియతోపాటు సాగే పనిని, రెండవది దానికంటె ముందే ముగిసిన పనిని తెలుపుతుంది. తెలుగు వ్యాకరణంలోని శత్రర్థకం, క్త్వార్థకం అనే రూపాలతో వీటిని పోల్చవచ్చు. అసమాపక క్రియకు, ప్రధాన క్రియకు కర్త ఒక్కటే కావాలనే నియమం ఉక్రేనియన్‌లో కూడా ఉంది.

"గ" అక్షరం

ఉక్రేనియన్, బెలారుసియన్ ఉచ్చారణలో పాత స్లావు "గ" ధ్వని చాలాకాలం క్రితమే "హ"ను పోలిన ధ్వనిగా మారింది. పోలిష్, జర్మన్, లాటిన్ భాషలనుండి వచ్చిన మాటలలో మాత్రం స్పష్టమైన "గ" వినిపించేది. ఒకే అక్షరంతో ఈ రెండింటిని రాయడం చదువరులకు ఇబ్బందిగా ఉండేది. స్మొత్రిత్‌స్కీ తన వ్యాకరణంలో "గ" ధ్వనికి ప్రత్యేక అక్షరాన్ని వర్ణమాలలో చేర్చాడు. పాత అక్షరం పైభాగాన చిన్న కొమ్ము ఉండడం దీని ఆకారం.

రెండు అక్షరాల భేదం వలన అర్థం మారే సందర్భాలు ఉన్నాయి. "హ్రాతి" అనగా ఆడడం, "గ్రాతి" అనగా కిటికీకి లేక చెరసాలకు ఉండే ఇనుప కమ్ములు. 1933లో సోవియట్ ప్రభుత్వం ఉక్రేనియన్ వర్ణక్రమాన్ని రష్యన్‌కు దగ్గరగా మార్చినప్పుడు ఈ అక్షరాన్ని వర్ణమాలనుండి తొలగించింది. ప్రవాసంలో ఉన్న ఉక్రేనియన్లు దీనిని వాడుతూనే వచ్చారు. 1990లో ఈ అక్షరం ఉక్రెయిన్‌లో మళ్ళీ అధికారికంగా వర్ణమాలలో చేరింది.

ఆర్చిబిషప్ పదవి

1620లో జెరూసలేం పాట్రియార్క్ మూడవ థియోఫనెస్ కీవ్‌కు వచ్చాడు. బ్రెస్త్ ఐక్యత తరువాత ఆర్థొడాక్స్ చర్చికి బిషప్పులు దాదాపు లేకుండా పోయారు. కొసాక్కుల నాయకుడు పెత్రొ సహైదాచ్నీ అండతో పాట్రియార్క్ కొత్త బిషప్పులను అభిషేకించాడు. వారిలో స్మొత్రిత్‌స్కీ పోలొత్‌స్క్ ఆర్చిబిషప్‌గా నియమితుడయ్యాడు. రాజు ఈ నియామకాలను గుర్తించలేదు. వారు చట్టవిరుద్ధంగా పదవులను ఆక్రమించారని ప్రకటించి బంధించమని ఉత్తరువులిచ్చాడు. స్మొత్రిత్‌స్కీ 1621 నుండి 1623 వరకు వరుసగా పోలిష్ భాషలో వాదగ్రంథాలు రాసి, కొత్త బిషప్పుల నియామకం న్యాయమైనదని సమర్థించాడు.

పోలొత్‌స్క్‌లో అప్పటికే ఐక్య చర్చికి చెందిన ఆర్చిబిషప్ యొసఫాత్ కుంత్సెవిచ్ ఉన్నాడు. ఒకే ప్రాంతానికి ఇద్దరు ఆర్చిబిషప్పులు కావడంతో ఉద్రిక్తత పెరిగింది. 1623 నవంబరు 12న వీతెబ్స్క్ నగరంలో ఆగ్రహించిన జనం కుంత్సెవిచ్‌ను హత్య చేశారు. ప్రభుత్వం నగరపు హక్కులను రద్దుచేసి, పలువురికి మరణశిక్ష విధించింది. స్మొత్రిత్‌స్కీ హత్య జరిగిన చోట లేడు. అయినా ఇతని రచనలు, లేఖలే ప్రజలను రెచ్చగొట్టాయని ప్రత్యర్థులు నిందించారు.

తూర్పు దేశాల యాత్ర

ఈ సంఘటన తరువాత స్మొత్రిత్‌స్కీ కీవ్ వెళ్ళి, అక్కడినుండి కాన్‌స్టాంటినోపుల్, పాలస్తీనా దేశాలకు యాత్ర చేశాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో తన పూర్వపు గురువు కిరిల్ లుకారిస్‌ను కలుసుకున్నాడు. అప్పటికి లుకారిస్ పాట్రియార్క్ పదవిలో ఉన్నాడు. అతని అభిప్రాయాలు కాల్విన్ మతానికి చేరువగా ఉండడం స్మొత్రిత్‌స్కీని నిరాశపరచింది. తాను ఇన్నాళ్ళు సమర్థించిన సంప్రదాయానికి మూలస్థానంలోనే స్థిరత్వం లేదనే సందేహం ఇతనిలో బలపడింది.

1626లో తిరిగివచ్చినప్పుడు ఇతడు తెచ్చిన పాట్రియార్క్ పత్రాలు సోదర సంఘాల ప్రత్యేక స్వాతంత్ర్యాన్ని తగ్గించేవిగా ఉన్నాయి. తమ స్వంత సంఘాలను బలహీనపరచడానికే ఇతడు వాటిని తెచ్చాడని పలువురు భావించారు. ఐక్యతవైపు మొగ్గుచూపుతున్నాడనే వదంతి వ్యాపించింది. కీవ్‌లోను, విల్నియస్‌లోను ఇతనికి పూర్వపు గౌరవం దక్కలేదు.

మతం మార్పు, 1628 సభ

వొలీన్ ప్రాంతంలోని దెర్మాన్ మఠం జస్లావ్‌స్కీ ప్రభువుల ఆధీనంలో ఉండేది. ఐక్యతను అంగీకరించే షరతుపై స్మొత్రిత్‌స్కీకి ఆ మఠాధిపత్యం లభించింది. 1627లో ఇతడు రహస్యంగా ఐక్య చర్చిలో చేరాడు. మతం మార్చుకున్నది నిశ్చయంగా కలిగిన నమ్మకంతోనా, నిలువనీడ కోసమా అనే విషయంపై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

1628లో ఇతడు తన యాత్రను వివరిస్తూ "అపొలొజియా" అనే గ్రంథాన్ని పోలిష్‌లో ప్రచురించాడు. ఆర్థొడాక్స్ రచయితల గ్రంథాలలో తప్పులున్నాయని, చర్చిలు ఒకటి కావాలని ఇందులో వాదించాడు. తాను త్రెనోస్‌లో రాసిన విషయాలను కూడా తప్పులుగా పేర్కొన్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో కీవ్‌లో జరిగిన ఆర్థొడాక్స్ సభ ఇతనిని విచారించింది. వెలుపల కొసాక్కులు ఆగ్రహంతో ఉన్నారు. ప్రాణభయం గల ఆ పరిస్థితిలో స్మొత్రిత్‌స్కీ తన గ్రంథాన్ని నిరాకరిస్తూ సంతకం చేశాడు. అపొలొజియా ప్రతులను సభలో తగులబెట్టారు. పద్దెనిమిదేళ్ళ క్రితం రాజాజ్ఞతో ఇతని పుస్తకం తగులబడింది. ఈసారి స్వపక్షంవారి చేతిలోనే మరొకటి తగులబడింది.

దెర్మాన్‌కు చేరిన వెంటనే ఇతడు ఆ సంతకం బలవంతంగా చేయించినదని ప్రకటిస్తూ ఒక నిరసన పత్రాన్ని అచ్చువేయించాడు. ఇక అప్పటినుండి బహిరంగంగానే ఐక్య చర్చి పక్షాన రాశాడు. ఆర్థొడాక్స్ రచయితలు ఇతనికి ప్రత్యుత్తరాలు రాశారు. 1631లో పోపు ఎనిమిదవ అర్బన్ ఇతనికి హియెరాపొలిస్ ఆర్చిబిషప్ అనే గౌరవ పదవిని ఇచ్చాడు. అది పేరుకు మాత్రమే ఉన్న పదవి. చివరి సంవత్సరాలు దెర్మాన్ మఠంలో గడిపి 1633 డిసెంబరు 27న అక్కడే మరణించాడు.

వ్యాకరణపు ప్రభావం

రచయిత మతం మారినా ఆర్థొడాక్స్ పాఠశాలలు ఇతని వ్యాకరణాన్ని వదలలేదు. 1638లో క్రెమెనెత్స్‌లో దీని సంక్షిప్త రూపం అచ్చయింది. 1648లో మాస్కోలో వెలువడిన ముద్రణలో రచయిత పేరు లేదు. ఐక్య చర్చిలో చేరిన వ్యక్తి పేరును మాస్కో చర్చి ముద్రణాలయం పుస్తకంపై వేయదలచుకోకపోవడం ఇందుకు కారణంగా భావిస్తారు. ఆ ముద్రణలో కొన్ని రూపాలను, ఊనిక స్థానాలను మాస్కో వాడుకకు తగినట్లు మార్చారు. 1721లో ఫ్యోదొర్ పొలికార్పొవ్ మరొక ముద్రణను సిద్ధం చేశాడు. 1755లో సెర్బులకోసం వలాకియాలోని రిమ్నిక్‌లో ఇది మళ్ళీ అచ్చయింది.

రష్యన్ శాస్త్రవేత్త, కవి మిఖాయిల్ లొమొనోసొవ్ (1711–1765) బాల్యంలో స్మొత్రిత్‌స్కీ వ్యాకరణంతోను, మాగ్నిత్‌స్కీ అంకగణితంతోను విద్య ప్రారంభించాడు. తన విద్యకు ఈ రెండే ద్వారాలని అతడు భావించాడు. లొమొనోసొవ్ తరువాత రాసిన రష్యన్ వ్యాకరణంలో స్మొత్రిత్‌స్కీ పారిభాషిక పదాలు అనేకం నిలిచాయి. 1822లో చెక్ పండితుడు యోసెఫ్ దొబ్రోవ్‌స్కీ ప్రాచీన స్లావోనిక్ వ్యాకరణాన్ని వియన్నాలో ప్రచురించిన తరువాత, చారిత్రక పరిశోధనలో పాత వ్యాకరణపు ప్రాముఖ్యం తగ్గింది.

ఉక్రెయిన్ వాడుకభాషకు మొదటి ముద్రిత వ్యాకరణం 1818లో అలెక్సీ పావ్లొవ్‌స్కీ రాశాడు. ఆ తరువాత 1863, 1876 సంవత్సరాలలో రష్యా సామ్రాజ్య ప్రభుత్వం ఉక్రేనియన్ పుస్తకాల ముద్రణపై ఆంక్షలు విధించింది. ఉక్రేనియన్ వ్యాకరణ పరిభాష ఆలస్యంగా స్థిరపడడానికి ఇది ఒక కారణం. నేటి పరిభాషలో స్మొత్రిత్‌స్కీ పెట్టిన పేర్లు చాలావరకు లేవు. ఏడు విభక్తులు, అవ్యయాల విభజన, అసమాపక క్రియకు ప్రత్యేక స్థానం మాత్రం నిలిచి ఉన్నాయి.

అంచనా

స్మొత్రిత్‌స్కీని మూడు విధాలుగా చూసినవారున్నారు. ఆర్థొడాక్స్ రచయితలు ఇతనిని చాలాకాలం పక్షం మారినవానిగా చిత్రించారు. ఐక్య చర్చి రచయితలు సత్యాన్వేషిగా వర్ణించారు. భాషా చరిత్రకారులు మాత్రం ఇతని మతవాదాలను పక్కనపెట్టి వ్యాకరణాన్నే ప్రధానంగా పరిశీలించారు. ఉక్రెయిన్, బెలారుస్ దేశాలు రెండూ ఇతనిని తమ సాహిత్య చరిత్రలో చేర్చుకున్నాయి.

స్లావోనిక్‌కు వ్యాకరణం లేదన్న స్కార్గా ఆక్షేపణ 1619 తరువాత నిలువలేదు. ఒక భాషను పాఠశాలలో క్రమబద్ధంగా నేర్పవచ్చునని, దాని మాటలను తరగతులుగా విభజించి నియమాలతో వివరించవచ్చునని ఈ గ్రంథం రుజువు చేసింది. స్లావోనిక్ కొరకు సిద్ధమైన ఈ చట్రంలోనే తరువాతి తరాలవారు తమ వాడుకభాషలను పరిశీలించారు.

ముఖ్య రచనలు

త్రెనోస్ (1610, పోలిష్)
స్లావోనిక్ వ్యాకరణం (1619, చర్చి స్లావోనిక్)
వెరిఫికాత్సియా (1621, పోలిష్) – కొత్త బిషప్పుల నియామకానికి సమర్థన
అపొలొజియా (1628, పోలిష్) – తూర్పు దేశాల యాత్ర, చర్చిల ఐక్యత
ప్రొతెస్తాత్సియా (1628, పోలిష్) – కీవ్ సభపై నిరసన
పరెనెసిస్ (1629, పోలిష్) – విల్నియస్ సోదర సంఘానికి హితోపదేశం